ముల్లు చెప్పిన యాభై

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు "మీ ఉద్యోగానుభవాలు చెప్పండి" అన్నారు. నేను ఎరువుల కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేరి, 34 ఏళ్ళు ప్రెషర్ గేజీలు సరిచూసి, రిటైరయ్యాను. అంటే గేజీ చెప్పేది నిజమా అబద్ధమా అని తేల్చడమే నా బతుకుతెరువు. అలాంటివాణ్ణి ఒక సైకిలు పంపు దగ్గర బోర్లా పడ్డాను. ఆ సంగతే చెబుతాను. ఇందులో మన సంఘానికీ పాత్ర ఉంది.

మూడేళ్ళ కిందట మన సంఘం తరఫున చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నడిచివచ్చే అమ్మాయిలకు 22 సైకిళ్ళు ఇచ్చాం. మీలో చాలామంది చందాలు వేశారు. సైకిళ్ళతో పాటు డయల్ ఉన్న పెద్ద పంపు ఒకటి నేను కొనిచ్చాను. స్కూలు వరండాలో పెట్టించి, పక్కన గోడ మీద చార్టు అంటించాను. ముందు చక్రం 40, వెనక చక్రం 50. ప్రతి సోమవారం పొద్దున గాలి చూసుకోవాలి. నా అక్షరాలతోనే రాశాను, కింద గీత కూడా గీశాను.

రెండు నెలలు తిరగకుండానే పంచర్లు మొదలయ్యాయి. ఏ ట్యూబు చూసినా ఒకటే రకం గాయం, పక్కపక్కనే రెండు చిన్న చీలికలు. పాము కాటులా ఉంటుంది. మేకు గుచ్చుకుంటే ఒకటే చిల్లు పడుతుంది. రెండు పడ్డాయంటే టైరు అణిగిపోయి, ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగిందన్న మాట. గాలి తక్కువైతేనో, బరువు ఎక్కువైతేనో అలా జరుగుతుంది. గాలి సరిగ్గా ఉందని నాకు నమ్మకం, ఎందుకంటే పంపు నేనిచ్చిందే. కాబట్టి ఇది బరువు వల్లే, ఒక్కో సైకిలు మీద ముగ్గురేసి ఎక్కుతున్నారు అని తీర్మానించాను. ప్రార్థన సమయంలో నిలబడి అందరి ముందూ పిల్లల్ని మందలించాను కూడా.

ఆ తర్వాతి వారం త్రైమాసిక పరీక్షలు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లెక్కల పరీక్షకు 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నాలుగు కిలోమీటర్లు సైకిలు నెట్టుకుంటూ వచ్చింది. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి, సైకిలు వరండాలో పెట్టి, "మాకొద్దండీ, దారిలో ఆగిపోతే పిల్ల ఒక్కతీ ఉంటాది, బడి మానిపించేస్తాం" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, నిదానంగానే అన్నాడు. ఆ పిల్ల మాత్రం నన్ను చూసి, "సార్, మీరు రాసినట్టే యాభై కొట్టానండి. నేనొక్కదాన్నే ఎక్కానండి" అంది.

ఆ సైకిలు తీసుకుని బజారులో పంచరు షాపుకి వెళ్ళాను. ఆ షాపతను మన స్కూల్లోనే ఏడు దాకా చదివాడు. వెనక టైరుకి పంచరు వేయించి, నా పంపుతోనే యాభై దాకా కొట్టి చూపించాను. అతను టైరు పక్కన బొటనవేలితో నొక్కి, "ఇందులో యాభై లేదు సార్" అన్నాడు. డయల్ చూడమన్నాను. ముల్లు యాభై మీద కదలకుండా నిలబడి ఉంది. అతను నవ్వి, "అది పంపులో ఉన్న గాలి సార్, ట్యూబులోది కాదు" అన్నాడు.

నిజం చెప్పాలంటే అక్కడే నాకు చెమట పట్టింది. అతనన్నది అర్థమవడానికి ఒక్క క్షణం చాలు, కానీ ఆ క్షణం 34 ఏళ్ళ సర్వీసులో నాకు రాలేదు.

మన మామూలు సైకిలు వాల్వు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. సన్నటి ఇత్తడి గొట్టం, దాని పక్కన చిన్న రంధ్రం, ఆ రంధ్రాన్ని కప్పుతూ రబ్బరు తొడుగు. దాన్నే వాల్వు ట్యూబు అంటాం. చిన్నప్పుడు అర్ధణాకో అణాకో జానెడు ముక్క కొనుక్కుని జేబులో పెట్టుకునేవాళ్ళం. పంపు గాలి లోపలి నుంచి రబ్బరును ఉబ్బించి, సందు చేసుకుని ట్యూబులోకి పోతుంది. వెనక్కి రాబోతే ట్యూబులో గాలే రబ్బరును రంధ్రానికి అదిమి మూసేస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ లోపలి గాలికి బయటి గేజీకి ముఖపరిచయమే ఉండదు. గేజీకి తెలిసేది రబ్బరును తోసుకుని పోవడానికి పంపు ఎంత బలం పెట్టిందన్నది మాత్రమే. కొట్టడం ఆపిన తర్వాత హోసులో చిక్కుకున్న గాలి అలాగే ఉండిపోతుంది కనుక ముల్లు కదలదు. కదలని ముల్లు చూస్తే నాలాంటివాడికి గౌరవం ఎక్కువ. అక్కడే మోసపోయాను.

అదే మోటారు సైకిలు వాల్వు అయితే నడుమ పిన్ను ఉంటుంది. పంపు తల ఆ పిన్నును నొక్కి ఉంచితే ట్యూబూ హోసూ గేజీ అన్నీ ఒకే గది అయిపోతాయి. అప్పుడు ముల్లు చెప్పేది ట్యూబు మాటే.

తేడా ఎంతో తెలుసుకోవాలనిపించింది. షాపతనే ఉపాయం చెప్పాడు. పాత ట్యూబుకి ఎదురు వైపున మోటారు వాల్వు ఒకటి వల్కనైజింగ్ చేసి అతికించాడు. పాత రిమ్ముకి రెండో రంధ్రం వేశాడు. ఒకే ట్యూబుకి రెండు వాల్వులు! ఇటు నుంచి మా పంపుతో కొట్టాం, అటు నుంచి నా దగ్గరున్న మంచి టెస్ట్ గేజీ పెట్టి చదివాం. పంపు మీద 50 అయితే లోపల 39. కొత్త వాల్వు ట్యూబు తొడిగితే తేడా 9 పౌండ్లకు తగ్గింది. ఎండకు మగ్గి ఇత్తడికి అంటుకుపోయిన పాత తొడుగుతో 16 దాకా పోయింది. ఇవి మా ఒక్క చక్రం లెక్కలు, మీ చక్రానికి వేరుగా రావచ్చు. అసలు చిక్కు కూడా అదే. తేడా ఎప్పుడూ ఒకటే అయితే కూడుకుని సరిపెట్టుకోవచ్చు. తొడుగును బట్టి మారేదాన్ని ఏం కూడుకుంటాం?

సంఘం నిధి నుంచి 22 వెనక చక్రాలకూ మోటారు వాల్వు ఉన్న ట్యూబులు వేయించాం. బరువంతా వెనకే కనుక ముందు దానితో మొదలుపెట్టాం. ఆ అమ్మాయి ఊరికి వెళ్ళి, సైకిలిచ్చి, వాళ్ళ నాన్నకు జరిగింది చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. ప్రార్థనలో తిట్టాను కనుక ప్రార్థనలోనే క్షమాపణ కూడా చెప్పాను. తర్వాత పంచర్లు పూర్తిగా ఆగలేదు గానీ ఆ జంట చీలికలు మళ్ళీ వెనక చక్రాల్లో కనబడలేదు.

ఇక బొటనవేలి గురించి. షాపతను నొక్కి చెప్పాడు కదా, మనకి గేజీ ఎందుకు అనుకోవద్దు. రోజుకు నలభై టైర్లు నొక్కే వేలు అది. మనలాంటి వాళ్ళ వేలికి ఇరవైకీ నలభైకీ తేడా తెలుస్తుంది, నలభైకీ యాభై అయిదుకీ తేడా తెలియదు. టైరు గట్టిదైతే అసలే తెలియదు.

గేజీని కూడా గుడ్డిగా నమ్మకండి. డయల్ గేజీ లోపల వంపు తిరిగిన పల్చటి లోహపు గొట్టం ఉంటుంది. తీర్థాల్లో పిల్లలు ఊదితే చుట్ట విప్పుకుని సాగే కాగితం బూర గుర్తుందా, అదే సూత్రం. గాలి నిండితే గొట్టం కొంచెం తిన్నగా అవుతుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ 1849లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో అదే నడుస్తోంది. పంపు ఒకసారి కింద పడిందంటే ఆ గొట్టం వంపు మారి, ఆ తర్వాత ప్రతి రీడింగూ తేడాయే. ముల్లు సున్నా మీద ఉంది కదా అని మురిసిపోవద్దు. చాలా గేజీల్లో సున్నా దగ్గర చిన్న మేకు ఆపు ఉంటుంది. సున్నాకి కిందకి పోవాల్సిన ముల్లు కూడా దాని మీద ఆనుకుని బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది.

డయల్ ఎంత పెద్ద అంకె దాకా ఉంటే అంత గొప్ప అనుకుంటారు కొనేవాళ్ళు. గేజీ పొరపాటును సాధారణంగా పూర్తి డయల్‌లో శాతంగా చెబుతారు. 160 పౌండ్ల డయల్‌కి రెండు శాతం అంటే ఎక్కడ చదివినా 3.2 పౌండ్లు అటూ ఇటూ. 50 దగ్గర అది ఆరు శాతం పైన, 20 దగ్గర పదహారు శాతం. మీకు కావలసిన అంకె డయల్ నడుమ వచ్చే గేజీ కొనుక్కోండి. అద్దానికి ఎదురుగా ముఖం పెట్టి చదవండి. నిలబడి పక్క నుంచి చూస్తే ముల్లు ఎవరికి కావలసిన అంకె వాళ్ళకు చూపిస్తుంది.

ఇక్కడ హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ వచ్చిన తమ్ముళ్ళు కొందరు సన్న టైర్ల ఖరీదైన సైకిళ్ళు తొక్కుతారని విన్నాను. వాటి వాల్వు సన్నగా, కొసన చిన్న మరతో ఉంటుంది. మర విప్పి, కొసను ఒకసారి వేలితో నొక్కి 'తుస్' మనిపించి, అప్పుడు గేజీ పెట్టండి. అంటుకుపోయిన వాల్వు మీద చదివితే మళ్ళీ నా కథే. ఇంకో సంగతి, అలాంటి టైరులో పట్టేది దాదాపు లీటరు చోటు. మీటరు పొడవు హోసులో ఇరవై మిల్లీలీటర్లు పడతాయనుకోండి. తగిలించే తల వాల్వు కొసను నొక్కి తెరిచి ఉంచేదైతే, 90 పౌండ్ల టైరుకు తగిలించగానే హోసు నిండడానికే దాదాపు రెండు పౌండ్లు పోతాయి, తగిలించేటప్పుడు బుస్సుమని పోయేది వేరే. నాలుగుసార్లు చూస్తే నాలుగు రీడింగులు తగ్గుతూ వస్తాయి. గేజీ పిచ్చిది అనుకోకండి. నాలుగూ నిజాలే కావచ్చు. అందుకని గాలి కొట్టాక, హోసు తీయకుండా ఉన్నప్పుడే చదవడం మేలు.

వేడి సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మా సైన్సు మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు. 273 కలపకుండా లెక్క చేస్తే సున్నా వేసేవారు. మాస్టారూ, ఈసారి కలిపానండి. పొద్దున 27 డిగ్రీల నీడలో 40 పౌండ్లు కొట్టిన టైరు, మే నెల ఎండలో నిలబడి లోపలి గాలి 57 డిగ్రీలకు వెళ్ళిందనుకోండి. 300 నుంచి 330, అంటే పదో వంతు పెరుగుదల. కానీ నలభైలో పదో వంతు నాలుగు అంటే మళ్ళీ సున్నాయే. గేజీ చూపే 40కి బయటి గాలి పీడనం 14.7 కూడా కలపాలి. 54.7 కాస్తా 60.2 అవుతుంది, 14.7 తీసేస్తే గేజీ 45.5 చూపుతుంది. మధ్యాహ్నం ఎక్కువ చూపిందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దున్నే తక్కువ అవుతుంది. అందుకే గాలి పొద్దునే, తొక్కక ముందే చూడాలి. నా చార్టులో సరిగ్గా రాసిన ముక్క ఆ సోమవారం పొద్దున ఒక్కటే.

ముందు చక్రాలు 22 ఇంకా పాత వాల్వులతోనే ఉన్నాయి. ట్యూబుల ఖర్చు కోశాధికారి గారి దగ్గర రాసిపెట్టి ఉంది. భోజనాల దగ్గర ఆయన మీ పక్కకి వచ్చి కూర్చుంటే ఎందుకో మీకు తెలుసు. ఆ రెండు వాల్వుల చక్రం మన సైన్సు గదిలో కిటికీ పక్కన పెట్టాం. టెస్ట్ గేజీ కూడా తెచ్చాను. సాయంత్రం దాకా అక్కడే ఉంటాను, కార్లలో గేజీలు ఉన్నవాళ్ళు పట్టుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.