రెండంగుళాల నీటి కాపలా



వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి, నెల తర్వాత తిరిగొచ్చి తాళం తీయగానే స్నానాలగదిలోంచి మురుగు వాసన గుప్పుమనడం మీలో చాలామందికి అనుభవమే. ఎవరూ వాడని గదిలోకి ఆ వాసన ఎలా వచ్చింది? అమ్మ నాలుగు చెంబుల నీళ్ళు పోశాక కాసేపటికి ఎందుకు తగ్గిపోయింది? రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. అది గచ్చు మీది జాలీ కింద ఉంది.

ముందుగా వాష్‌బేసిన్ కిందికి వంగి చూడండి. నీళ్ళు పోయే గొట్టం చాలా ఇళ్ళలో తిన్నగా గోడలోకి పోదు. కిందికి దిగి, కొంత పైకి లేచి, ఆ తర్వాతే గోడలోకి వెళుతుంది. ఈ వంపునే ‘ట్రాప్’ అంటారు. ఆకారాన్నిబట్టి పి-ట్రాప్, ఎస్-ట్రాప్ అని పేర్లు. స్నానాలగది గచ్చులో బిగించేదాన్ని మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. ఆకారాలు వేరైనా పని ఒకటే. మనం పోసిన నీటిలో చివరి భాగం వంపులో నిలిచి, గొట్టానికి మూతలా పనిచేస్తుంది. కొత్త నీరు పాత నీటిని తోసుకుంటూ పోతుంది. ప్రవాహం ఆగగానే మళ్ళీ మూత పడుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని తలుపు ఇది! 1775లో లండన్‌లోని గడియారాల నిపుణుడు అలెగ్జాండర్ కమ్మింగ్ తన మరుగుదొడ్డి పేటెంటులో ఇలాంటి వంపునే వాడాడు.

ఈ నీటి మూత లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. దాని బలమెంత? వాతావరణ పీడనం సుమారు 10.3 మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. 50 మిల్లీమీటర్లు అందులో దాదాపు రెండువందలో వంతు. అంటే మురుగు గొట్టంలో గాలి పీడనం అర శాతం తగ్గినా మూత ఊడిపోవచ్చు. పై అంతస్తులో ఒకేసారి ఎక్కువ నీరు వదిలితే, నిలువు గొట్టంలో దిగే ఆ నీరు గాలిని తనతో లాక్కుపోతుంది. వెనక పీడనం తగ్గి, కింది ట్రాపులో నీరు గుడగుడమంటూ జారిపోతుంది. ఇది సైఫన్ చర్య. దీన్ని ఆపడానికే నిలువు గొట్టాన్ని మేడపైదాకా తీసుకెళ్ళి, గాలి ఆడేలా తెరిచి ఉంచుతారు.

మరి లోతు పెంచితే సరిపోదా? పెంచితే అడుగున మట్టి, వెంట్రుకలు పేరుకుంటాయి. రెండంగుళాలు ఈ రెండు ఇబ్బందుల మధ్య కుదిరిన రాజీ.

ఇక రెండో శత్రువు ఆవిరి. వాడని ట్రాపులో నీరు మెల్లగా ఇంకిపోతుంది. అప్పుడు లోపలికి వచ్చేది వాసన ఒక్కటే అయితే బాగుండేది. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ నివాస సముదాయంలో మూడువందల మందికి పైగా సార్స్ వ్యాధి సోకింది. 42 మంది మరణించారు. పరిశోధకుల దృష్టి గచ్చు ట్రాపుల మీదికి మళ్ళింది. చాలామంది గచ్చును తడిగుడ్డతో తుడిచేవారు తప్ప నీళ్ళు పోసేవారు కాదు. ట్రాపులు ఎండిపోయాయి. స్నానాలగది ఫ్యాను గాలిని బయటికి తోడుతుంటే, మురుగు గొట్టంలోని వైరస్ తుంపరలు లోపలికి వచ్చి ఉంటాయని వారు తేల్చారు. ఒక మగ్గు నీళ్ళ విలువ ఎంతో చూశారా?

మీరే ఒక ప్రయోగం చేయండి. తాపీమేస్త్రీలు మట్టం చూసేందుకు వాడే పారదర్శక గొట్టం ముక్కను ‘యు’ ఆకారంలో కట్టి, పసుపు కలిపిన నీరు సగం దాకా పోయండి. ఒక కొసన మెల్లగా ఊది, రెండువైపులా నీటి మట్టాల తేడాను స్కేలుతో కొలవండి. తర్వాత గొట్టాన్ని కదపకుండా ఉంచి, రోజుకెంత నీరు తగ్గిందో రెండు వారాలు రాసుకోండి. ఆ లెక్కన 50 మిల్లీమీటర్ల మూత ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే చెప్పగలరు.

ఇంటికెళ్ళాక సింకు గొట్టాన్ని వంపు లేకుండా నేరుగా మురుగు గొట్టంలోకి దూర్చారేమో చూడండి. అలా ఉంటే ట్రాప్ పెట్టించమని పెద్దలకు చెప్పండి. వాడని గదిలో వారానికొక మగ్గు నీళ్ళు పోయండి. కాపలా మానకుండా చూసే బాధ్యత మనదే.