వెళ్ళిపోయిన వాళ్ళం ఊరికి ఏమి బాకీ?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బోధన్ విడిచి వెళ్ళిన వాళ్ళ తరఫున నాలుగు మాటలు చెప్పమని సొసైటీ వారు కోరారు. కనుక ఈ ప్రసంగంలో ‘మేము’ అంటే శక్కర్‌నగర్ నీడలో పెరిగి, ఇక్కడే చదువుకుని, బతుకుతెరువు కోసం హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్ళి, పండుగలకూ పెళ్ళిళ్ళకూ తిరిగి వచ్చే వాళ్ళం.

పెద్దలకు తెలిసిన కథే అయినా ఇక్కడ కూర్చున్న పిల్లల కోసం క్లుప్తంగా చెప్పుకుందాం. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని నిర్మాణానికి సారథి ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీటితో ఈ నేలకు చెరకు వచ్చింది. ఆ చెరకును నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా పేరు పొందింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ మూతపడ్డాయి. పునరుద్ధరణ కోసం 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని వేసింది.

చక్కెర కర్మాగారం మూతపడడం వేరు, మామూలు దుకాణం మూతపడడం వేరు. కోసిన చెరకు నిల్వ ఉండదు. ఆలస్యమైన కొద్దీ అందులోని చక్కెర తగ్గిపోతుంది. అందుకే పొలం, బండి, మిల్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. మిల్లు ఆగిపోతే రైతు చెరకు మానేస్తాడు. రైతు మానేస్తే మిల్లు తెరిచినా ఆడించడానికి చెరకు ఉండదు. నాటిన చెరకు కోతకు రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. గొలుసులో ఒక లంకె తెగితే మిగతావన్నీ విడిపోతాయి. చెరకు తోలే బండివాడు, క్రషింగ్ సీజన్‌లో పని దొరికే కూలీ, జీతాల రోజున కళకళలాడే కిరాణా, దర్జీ, హోటలు, అందరూ ఆ గొలుసులోని వారే.

మేము తిరిగి వచ్చినప్పుడు ఏం చేస్తాం? మూసిన గేటు దగ్గర నిలబడతాం. క్వార్టర్ల చుట్టూ పెరిగిన పిచ్చిమొక్కలను చూస్తాం. సీజన్‌లో ఊరంతా అలుముకునే మొలాసిస్ వాసనను తలచుకుంటాం. ‘ఊరు పాడైపోయింది’ అనుకుంటూ ఫోటో తీసుకుని రైలో బస్సో ఎక్కుతాం. ఆ బాధ నిజమైనదే. కానీ అది మా బాల్యం గురించిన బాధ. ఊరు పాడైపోయిందని మేము అంటున్నప్పుడు ఆ మాట వింటున్న వాళ్ళు అదే ఊళ్ళో రేపటి రోజు గడపాలి. వారికి మా నిట్టూర్పుతో పని లేదు.

ఇక్కడే ఉండిపోయిన వారిలో ఒక వర్గాన్ని మేము గుర్తించడం లేదు. నిన్నటి దాకా జకాత్ ఇచ్చిన ఇళ్ళు అవి. జీతం వచ్చే రోజుల్లో ఈద్‌కు నలుగురికి బట్టలు పెట్టిన చేతులు. వాళ్ళు రమజాన్ రేషన్ కిట్ల వరుసలో నిలబడరు. చేయి చాచని పేదవాణ్ణి మనమే వెదికి గుర్తించాలని దివ్య ఖుర్ఆన్ నేర్పుతుంది. వాళ్ళను ఎలా గుర్తించాలి? బడిలో పనిచేసే వాళ్ళకు కొన్ని గుర్తులు తెలుసు. పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఆడపిల్ల ఇంటర్‌లో చేరకుండా తల్లి పక్కన బీడీల చాట ముందు కూర్చుంటుంది. మగపిల్లవాడు పాస్‌పోర్టు వయసు కోసం ఎదురుచూస్తూ మెకానిక్ షెడ్డులో చేరతాడు. కిరాణా ఉద్దెర ఖాతా పేజీలు మారుతుంది గానీ తీరదు.

జకాత్ తీసుకోదగిన ఎనిమిది రకాల వారిలో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒకరు. ఈ సంగతి మనకు తెలిసినా కిట్ల దగ్గరే ఆగిపోతున్నాం. మరో సంగతి. పుచ్చుకునే వారికి ‘ఇది జకాత్’ అని చెప్పనవసరం లేదు, ఇచ్చేవారి నియ్యత్ చాలునని ఉలమాలు చెబుతారు. ఫోటో లేకుండా, పేరు చదవకుండా ఇవ్వవచ్చన్న మాట. జకాత్‌ను మనం ఉండే చోటే పంచడం మంచిదంటారు. అయితే బంధువులకైనా, ఎక్కువ అవసరం ఉన్నవారికైనా వేరే ఊరికి పంపడానికి అనుమతి ఉంది. బంధువుకు ఇస్తే దానధర్మం పుణ్యమూ, బంధుత్వం నిలిపిన పుణ్యమూ రెండూ దక్కుతాయి.

అందుకే వెళ్ళిపోయిన వాళ్ళందరి ముందు మూడు పనులు పెడుతున్నాం.

ఒకటి: మా జకాత్‌లో కొంత భాగాన్ని ప్రతి ఏటా ఈ ఊరి అప్పుల కోసం విడిగా ఉంచుదాం. కిరాణా ఉద్దెర, ఆసుపత్రి బిల్లు, వడ్డీ అప్పు, ఏదైనా సరే, తీర్చుకునేందుకు ఆ డబ్బు నేరుగా ఆ ఇంటివారి చేతికే అందాలి.

రెండు: ప్రతి కుటుంబం ఒక పిల్ల చదువును ఇంటర్ నుంచి డిగ్రీ దాకా మోయాలి. ఒక ఏడాది ఫీజు కట్టి వదిలేస్తే ఆ పిల్ల సగం మెట్ల మీద నిలబడిపోతుంది.

మూడు: తాళం వేసిన మా ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. సాయంత్రం రెండు గంటల పాటు ఒక గది తెరిస్తే అది ట్యూషన్ గది అవుతుంది. అక్కడ ఇక్రా అనే పిల్లవాడూ కూర్చోవచ్చు, పక్కింటి ఇతర మతస్తుల పిల్లవాడూ కూర్చోవచ్చు. మిల్లులో షిఫ్టు అందరిదీ ఒకటే. మూతపడ్డాక కష్టమూ అందరిదీ ఒకటే. సదఖాకు మతం అడ్డు కాదు.

మిల్లు మళ్ళీ తెరుచుకుంటుందా, లేదా అన్నది మా చేతిలో లేదు. తెరవాలని కోరుదాం, అర్జీలు పెడదాం. కానీ పదిహేనేళ్ళ పిల్లకు పదిహేనేళ్ళు ఒక్కసారే వస్తాయి. కమిటీ నివేదిక కోసం ఆ వయసు ఆగదు. ఈ ఊరి నీళ్ళు తాగి, ఈ ఊరి జీతంతో చదువుకుని మేము బయటపడ్డాం. ఇప్పుడు తిరిగి రావడం అంటే బండి దిగి గేటు చూడడం కాదు. మా మీద హక్కు ఉన్నవారి గడప తొక్కడం.

అల్లాహ్ మా సంపాదనలో బరకత్‌నూ, ఇచ్చే చేతికి వినయాన్నీ, పుచ్చుకునే చేతికి గౌరవాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.