మరిచిపొమ్మంటే మానని గాయం

రెండేళ్ళ కిందట మాకు తెలిసినావిడ ఒకరు మా ఇంటికి వచ్చారు. కాఫీ గ్లాసు చేతికిచ్చానో లేదో, వీధిలో ఎవరిదో స్కూటరు ఆగింది. ఆవిడ చెయ్యి వణికి కాఫీ చీర మీద ఒలికిపోయింది. "ఆయనేమో అనుకున్నానండీ" అన్నారు. ఆయన పోయి అప్పటికే ఆరేళ్ళు! తాగొచ్చి కొట్టే మనిషితో 18 ఏళ్ళు కాపరం చేశారావిడ. మనిషి పోయాడు గాని, ఆ స్కూటరు చప్పుడు మాత్రం ఆవిడ ఒంట్లో ఉండిపోయింది.

ఇలాంటప్పుడు మనం ఏమంటాం? "అయిందేదో అయిపోయింది, మరిచిపో తల్లీ" అంటాం. నేనూ అన్నదాన్నే. అది వాళ్ళ చేతిలో లేని పని అని తర్వాత తెలిసింది.

బస్సు బోల్తాపడడం లాంటి ఒక్కనాటి ప్రమాదం వల్ల మనసు దెబ్బతినడం ఒక ఎత్తు. తప్పించుకునే దారిలేక ఏళ్ళ తరబడి భయంలో బతకడం ఇంకో ఎత్తు. ఈ తేడాను అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో గట్టిగా చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని కాంప్లెక్స్ పి.టి.ఎస్.డి. అనే పేరుతో తన కొత్త వ్యాధుల పట్టికలో వేరే జబ్బుగా చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పీడకలలు, ఉలికిపాటు, పాత సంగతి గుర్తుచేసే చోట్లను తప్పించుకు తిరగడం రెండింటిలోనూ ఉంటాయి. దీనిలో మరి మూడు కలుస్తాయి. కోపమూ దుఃఖమూ అదుపులో ఉండవు. "నేను దేనికీ పనికిరాను" అన్న భావం పాతుకుపోతుంది. ఎవరినీ దగ్గరకు రానివ్వలేరు. ఈ చివరిదాన్ని మనవాళ్ళు గర్వం అంటారు. అంతకుముందుదాన్ని అణకువ అని మెచ్చుకుంటారు కూడానూ!

దీనికి వైద్యం ఉంది. చిక్కుపడ్డ జడని నడినెత్తి నుంచి దువ్వితే ఏమవుతుంది? కన్నీళ్ళొస్తాయి. పైన జుట్టు గట్టిగా పట్టుకుని కొసల దగ్గర మొదలుపెడతాం కదూ. హెర్మన్ చెప్పిన పద్ధతీ అలాంటిదే. ముందు భద్రత. ఇంట్లో ఇంకా దెబ్బలు పడుతూంటే ముందు వాటినుంచి బయటపడే ఏర్పాటు చూడాలి. తర్వాత భయం కమ్ముకొచ్చినప్పుడు నిలదొక్కుకోవడం నేర్పుతారు. నిదానంగా ఊపిరి వదలడం, పాదాలు నేలకు ఆనించి చుట్టూ ఉన్న వస్తువుల పేర్లు చెప్పుకోవడం ఇందులోవే. ఆ పైన, జరిగినదాన్ని వరసగా చెప్పించడం. "తప్పు నాదే" అన్న నమ్మకాన్ని పరీక్షకు పెట్టడం. చివరికి మళ్ళీ నలుగురిలో కలవడం. మొదటి మెట్టు మీద ఎంతకాలం ఉండాలన్న దానిమీద డాక్టర్లలోనే వాదం ఉంది.

ఇంకో పద్ధతి ఉంది, ఇ.ఎం.డి.ఆర్. అంటారు. పాత జ్ఞాపకాన్ని తలుచుకుంటూ, డాక్టరు వేలు అటూ ఇటూ ఆడిస్తుంటే కళ్ళతో అనుసరించాలి. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టారు. విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కాని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పి.టి.ఎస్.డి.కి సిఫారసు చేసిన వాటిలో ఇదీ ఒకటి. అది ఎలా పనిచేస్తుందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మీ ఎరుకలో ఇలాంటివారుంటే తవ్వి తవ్వి అడగకండి. తమంత తాముగా చెబితే వినండి. "అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావ్?" అని మాత్రం అనకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బులు అక్కర్లేదు. ఇంట్లో కొడుతూంటే మహిళల సహాయానికి 181 ఉంది.

ఆవిడ ఆస్పత్రికి వెళ్ళడం మొదలుపెట్టాక, "నెల్లాళ్ళయింది, ఆయన సంగతే అడగడంలేదు, ఊపిరి పీల్చమంటారు వదలమంటారు, అంతే" అని విసుక్కున్నారు. మూడో నెలలో చెప్పడం మొదలుపెట్టారట. ఇంటికొచ్చి రెండు రోజులు పడుకునే ఉన్నారు. మానేస్తారేమో అనుకున్నాను, మానలేదు.

మొన్న మళ్ళీ వచ్చారు. వీధిలో స్కూటరు ఆగింది. చెయ్యి వణికింది, చూశాను. గ్లాసు బల్లమీద పెట్టి, కిటికీలోంచి తొంగిచూసి, "కిరాణా కొట్టు అబ్బాయండీ" అన్నారు. కూర్చుని మిగతా కాఫీ తాగారు.