మైదానం మన పిల్లల హక్కు

(ఖాజాగూడలో కళాశాల విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపకార వేతనాల గురించి, ఉద్యోగాల గురించి మనం తరచుగా సమావేశమవుతుంటాం. ఆటస్థలం కోసం సమావేశం కావడం మాత్రం అరుదు. అది కడుపు నిండినవారి వ్యవహారమని పక్కన పెట్టాం. అయితే వ్యాయామవిద్యను, క్రీడలను ప్రతి ఒక్కరి ప్రాథమిక హక్కుగా యునెస్కో 1978లోనే ప్రకటించింది. శరీరానికి మనపై హక్కు ఉన్నదని మహాప్రవక్త (స) బోధించారు. ఆ హక్కు మన పిల్లలకు ఎంతమేరకు అందుతున్నదో ఈ ప్రాంతాన్నే తీసుకొని విచారిద్దాం.

ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, గచ్చిబౌలిలో, 2002 జాతీయ క్రీడల కోసం ప్రజాధనంతో నిర్మించిన క్రీడా ప్రాంగణం ఉన్నది. ఔటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం 2023లో ప్రారంభమైంది. ఇక మన ముందున్న ఈ రాతిగుట్టల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉన్నందున దీనికి ఫక్రుద్దీన్ గుట్ట అని పేరు. ఇక్కడే అనంత పద్మనాభస్వామి ఆలయమూ ఉన్నది. బండలెక్కడం నేర్చుకునే యువకులు నగరంలోని ఇతర ప్రాంతాల నుంచి కూడా ఇక్కడికి వస్తారు.

వసతులు ఉన్నాయి. వాటి దాకా మన పిల్లలు చేరగలుగుతున్నారా? టోలిచౌకిలోనో, షేక్‌పేటలోనో చిన్న ఇంట్లో ఉండే విద్యార్థికి జిమ్ రుసుము భారం. గంటకింత అని అద్దె కట్టి ఆడే మైదానం ఇంకా భారం. అనేక ప్రైవేటు జూనియర్ కళాశాలలు మైదానం లేకుండా అంతస్తుల భవనాలలో నడుస్తున్నాయి. పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఉదయం నుంచి రాత్రి వరకు తరగతిగదిలో కూర్చునే పిల్లవాడికి ఆ గంట ఎక్కడ దొరుకుతుంది?

బహిరంగ మైదానం విలువ మనకు తెలియనిది కాదు. భారత ఫుట్‌బాల్ జట్టును 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలకు నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరపు ఉపాధ్యాయుడే. ఆటో నడిపిన తండ్రి కుమారుడు మహమ్మద్ సిరాజ్ టెన్నిస్ బంతితో ఆడి ఎదిగినవాడు. 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాదులో తండ్రి ప్రోత్సాహంతో మైదానంలో అడుగుపెట్టింది. వారు అడుగు మోపడానికి ముందుగా ఒక స్థలం ఉన్నది.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఇంటర్మీడియట్‌లో చేరగానే చాలా ఇళ్లలో వారి ఆట ఆగిపోతున్నది. దుస్తులు అడ్డమనే మాట ఇప్పుడు చెల్లదు. తల కప్పుకొని ఆడడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య 2014లో, బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో అనుమతించాయి. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేసిన సంగతి మనమందరం విన్నదే. తల్లిదండ్రుల భయం భద్రత గురించి. అది న్యాయమైన భయమే. కాబట్టి మహిళలకు ప్రత్యేక సమయం, మహిళా శిక్షకురాలు, శుభ్రమైన మరుగుదొడ్డి, దీపాల వెలుతురు కావాలని అడుగుదాం. భద్రత లేదని పిల్లను ఇంట్లో కూర్చోబెడితే ఆ లోపం ఎన్నటికీ సరికాదు.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడిని. నోటిమాటకు ఫైలు కదలదు. తేదీ వేసి, సంతకం చేసి, రసీదు తీసుకున్న కాగితానికి జవాబు రావాలి. అందుచేత మూడు దరఖాస్తులు సూచిస్తున్నాను.

మొదటిది ఇంటర్మీడియట్ బోర్డుకు. మన పిల్లలు చదివే కళాశాలకు మైదానం ఉన్నట్టు తనిఖీ నివేదికలో రాశారా, రాస్తే ఆ నకలు ఇవ్వండని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగాలి. 30 రోజులలో జవాబివ్వడం వారి విధి. రెండవది క్రీడాశాఖకు. గుర్తింపు కార్డు చూపిన కళాశాల విద్యార్థులకు ప్రభుత్వ క్రీడా ప్రాంగణాలలో రాయితీ, విద్యార్థినులకు ప్రత్యేక వేళలు కోరాలి. మూడవది విద్యాశాఖకు. ప్రభుత్వ పాఠశాలల మైదానాలను సాయంత్రం, సెలవు దినాలలో బస్తీ యువతకు తెరవాలని అడగాలి.

ఈ గుట్టను కాపాడుకోవడం కూడా ఇందులో భాగమే. పగులగొట్టిన బండ మళ్లీ మొలవదు. ఎక్కడైనా బండలు కొట్టడం, చెత్త పోయడం కనిపిస్తే ఛాయాచిత్రంతో సహా ఫిర్యాదు చేయండి. ఈ దరఖాస్తులపై ముస్లింలే కాక, అన్ని మతాల ఇరుగుపొరుగు వారితో సంతకాలు చేయించండి. మైదానం లేని కష్టం అందరిదీ.

దరఖాస్తుల నమూనాలు తయారుగా ఉన్నాయి. సభ ముగిసిన తరువాత ప్రతి కుటుంబమూ ఒక ప్రతి తీసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.