ఆటిజం పిల్లలు – మన సాయం ఎటు వెళ్ళాలి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్ళుగా చిన్న తరగతులకు చదువు చెబుతున్న టీచరును. బి.ఇడి.లో పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరు మొత్తం ఉండేది. ఆటిజం అన్న మాట అందులో చదివిన గుర్తు లేదు. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

ఏడేళ్ళ క్రితం ఒక ఆటో డ్రైవరు తన కొడుకును మా బడిలో ఒకటో తరగతిలో చేర్చాడు. వాడు పిలిస్తే పలికేవాడు కాదు. గంట కొడితే చెవులు మూసుకునేవాడు. టిఫిన్ డబ్బా మూత నేల మీద తిప్పుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. వాళ్ళమ్మ వచ్చి, "టీచరమ్మా, వీడికి మాటెందుకు రావట్లేదు?" అని అడిగింది. "మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందమ్మా, కంగారు పడకు" అని పంపేశాను. రెండోసారి వచ్చినప్పుడు ఇంకో సలహా కూడా ఇచ్చాను. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు అయ్యేసరికి తికమక పడుతున్నాడు, ఇంట్లోనూ తెలుగే మాట్లాడండి అన్నాను. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. నా మాట నమ్మి, కొడుకుతో మాట్లాడటమే తగ్గించేసింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు మాట వెనకబడదని నేను చదివి తెలుసుకునేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి.

ఈలోగా వాళ్ళు ఎవరో చెబితే ఒక నగరంలోని ఆసుపత్రికి వెళ్ళారు. స్టెమ్ సెల్ ఇంజెక్షను వేస్తే మాట వస్తుందన్నారట. ఆమె నగలు అమ్మారు. చాలక చందాలు పోగుచేశారు, నేనూ ఇచ్చాను. మాట రాలేదు. ఆటిజానికి ఆ చికిత్స పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటిది అనుమతి పొందిన పరిశోధనగా జరగాలే తప్ప, డబ్బు తీసుకుని చేసే వైద్యం కాదు. ఒంట్లోని పాదరసాన్ని లాగేస్తామనే చిలేషన్ మరీ ప్రమాదం. 2005లో అమెరికాలో ఐదేళ్ళ పిల్లవాడు ఆ చికిత్సలోనే చనిపోయాడు. రిస్పెరిడోన్ వంటి మందులు తీవ్రమైన చికాకును తగ్గిస్తాయి, డాక్టరు రాస్తే వాడొచ్చు. మాట నేర్పే మందు మాత్రం లేదు.

చివరికి గుంటూరులో ఒక స్పీచ్ థెరపిస్టు దొరికింది. ఆవిడ ముందు తల్లినే కూర్చోబెట్టింది. తల్లి ఆడిస్తుంటే ఫోనులో వీడియో తీసి, "ఇదుగో, ఇక్కడ వాడు నీ వైపు చూశాడు, నువ్వే చూడలేదు" అని చూపించింది. మూత లాక్కోవద్దు, వాడి పక్కన కూర్చుని నువ్వూ ఒక మూత తిప్పు అంది. మాట్లాడేది ఉర్దూలోనే మాట్లాడమంది. గోడకు నాలుగు బొమ్మలు పెట్టించింది: గ్లాసు, రొట్టె, బాత్రూము, ఆటో. గ్లాసు బొమ్మ తెచ్చిస్తే వెంటనే నీళ్ళిచ్చి "పానీ" అనాలి. బొమ్మలకు అలవాటు పడితే ఇక మాట్లాడడని వాడి దాదా అడ్డుపడ్డారు. ఆ భయం చాలామందికి ఉంటుంది, కానీ బొమ్మలు మాటను ఆపవు. అంతకుముందు దాహమేస్తే తల గోడకేసి కొట్టుకునేవాడు. మూడో నెలలో ఒకరోజు గ్లాసు బొమ్మ తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆ సంగతి చెప్పడానికి ఆమె ఆటో ఎక్కి బడికి వచ్చింది.

తల్లిదండ్రులకు నేర్పే ఇలాంటి పద్ధతిని గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో పరీక్షించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. నేర్పింది పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. ఆరు నెలల్లో పన్నెండుసార్లు. పిల్లలు తమంతట తాము అమ్మానాన్నలతో ఏదో ఒకటి చెప్పబోవడం పెరిగింది. ఆటిజం పోలేదు, పోగొడతామని వాళ్ళు అననూ లేదు.

దాతలకు నా మనవి ఒకటే. రంజాన్‌లో మనం ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాం. ఈ పనికి అలా కుదరదు, నెలనెలా కావాలి. థెరపిస్టు ఫీజు ఒక్కటే కాదు, బస్సు ఛార్జీ, ఆ రోజు తండ్రి పోగొట్టుకునే కిరాయి కూడా. ప్రభుత్వం వైపు నుంచీ కొంత ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ధ్రువపత్రం ఉంటే నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీకీ అందులో కొంత వస్తుంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది. ఆ ఫారాలు నింపి, తల్లి వెంట నాలుగు ఆఫీసులు తిరిగే మనిషే లేడు. చెక్కు రాయలేని వాళ్ళు ఆ పని చేయొచ్చు.

ఆ అబ్బాయికి ఇప్పుడు పదమూడేళ్ళు. ముప్పై మాటల దాకా వచ్చాయి, అన్నీ ఉర్దూవే. ఈ ఏడు మా ఒకటో తరగతిలో ఒక పాప చేరింది. గంట కొడితే చెవులు మూసుకుంటోంది. వాళ్ళమ్మ నన్నింకా ఏమీ అడగలేదు. సోమవారం బడి అయ్యాక నేనే వాళ్ళింటికి వెళ్తున్నాను. మీలో ఎవరైనా తోడు వస్తే సంతోషం.