పసిబిడ్డ ఎగ్జిమా – తల్లిది తప్పు కాదు



మా చిన్నవాడికి నాలుగో నెలలో బుగ్గలు ఎర్రబడి పొక్కులు లేచి, రసి కారింది. రాత్రంతా గోకుడే. గజ్జి అనుకొని చుట్టాలు ఎత్తుకోలేదు. మా అమ్మీజాన్ కోడలి చేత గుడ్లూ చేపలూ మాన్పించారు. ఆమె చిక్కిపోయింది గాని బిడ్డకు తగ్గలేదు.

ఇది ఎగ్జిమా, అంటువ్యాధి కాదు, పుట్టుకతో వచ్చే చర్మతత్వం అన్నారు డాక్టరుగారు. సబ్బు, ఉన్ని, చెమట, అత్తరు దాన్ని రేపుతాయట. ఏ రోజు ఎందుకు పెరిగిందో నోటుబుక్కులో రాసుకొన్నాము. మా ఇంట్లో ఉన్ని టోపీ, వాసన సబ్బు పట్టుబడ్డాయి. అవి మానేసి, గోరువెచ్చని స్నానం కాగానే వాసన లేని పెట్రోలియం జెల్లీ రాశాము. నిద్ర పట్టింది.

కనుక మా మనవి: డాక్టరు చెప్పనిదే తల్లికి తిండి మాన్పించకండి, దుకాణంలో అడిగి స్టీరాయిడ్ ట్యూబు కొనకండి. కారణం వెతకండి, తల్లిని నిందించకండి.