పచ్చిమేతకు కోతదినము
(కారంచేటి రైతులకొరకు చేసిన ఉపన్యాసము)



వరి ఎన్నడు కోయవలెనో, మినుము ఎన్నడు పీకవలెనో మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆలస్యమైనచో గింజ రాలుననియు, తొందరపడినచో తాలు మిగులుననియు మీరెరుగుదురు. కాని పశుగ్రాసమునకు మాత్రము మనలో పెక్కురు కోతదినమును నిర్ణయించుట లేదు. కూలివారు దొరికిన దినమో, గడ్డివామి తరిగిన దినమో దానికి కోతదినమగుచున్నది. ఈ యలవాటు వలన కలుగు నష్టమును, దానిని తప్పించుకొను మార్గమును నేడు మనవి చేసెదను.

పొరుగున నున్న ఒంగోలు పేరుమీద ప్రసిద్ధికెక్కిన పశుజాతి ఈ నల్లరేగడి ప్రాంతపు మేతమీదనే పెరిగినది. ఆ జాతి సముద్రములు దాటి బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చట నెల్లూరు పేరుతో లక్షలకొలది మందలుగా వృద్ధిపొందినది. మంచి జాతి మనకు కొత్తగా రావలసిన పని లేదు. దానికి తగిన మేత గాడిలో పడుచున్నదా యనుటయే ప్రశ్న.

మేత ముదిరినచో ఏమగును?

మొక్క లేతగా నున్నపుడు ఆకు హెచ్చు, కాండము తక్కువ. మాంసకృత్తులు ముఖ్యముగా ఆకునందే యుండును. పూత దాటిన పిమ్మట కాండము గట్టిపడుటకై లిగ్నిన్ అను కొయ్యపదార్థము పీచునందు పేరుకొనును. పశువు కడుపులోని పెద్ద సంచియందు నివసించు సూక్ష్మజీవులు పీచును కరగించి పశువునకు శక్తి నిచ్చును. కాని లిగ్నిన్‌ను అవి కరగింపజాలవు. అంతేకాక, లిగ్నిన్ తనతో పెనవేసికొనిన మంచి పీచును గూడ వానికి అందనీయదు. అట్టి మేత కడుపులో ఎక్కువకాలము నిలిచియుండుటచే పశువు మరుపూట తక్కువ మేయును. అనగా నష్టము రెండు విధములు: తిన్నది సరిగా అరుగదు, తినుటయు తగ్గును.

జొన్నను ఎండబెట్టి తూచి చూచినచో, సగము పూతయందు 100 కిలోలలో సుమారు 7, 8 కిలోల మాంసకృత్తులుండును. గింజ పండిన పిమ్మట మిగిలిన చొప్పలో సుమారు 4 కిలోలకు దిగిపోవును. వరిగడ్డిలో 3, 4 కిలోలకు మించి యుండదు. పూతయందు కోసి ఎండబెట్టిన పిల్లిపెసరలో సుమారు 15 కిలోలుండును. ఈ తేడాను మనము బజారులో తెలగపిండి కొని పూరించుచున్నాము.

“ఇంకను రెండు వారములు నిలిపినచో బండికి బరువు పెరుగును గదా” యని కొందరందురు. బరువు పెరుగుట నిజమే. కాని పెరిగిన బరువులో అధికభాగము అరుగని కొయ్య. మేతను తూచి అమ్మువానికి అది లాభముగా కనబడవచ్చును. తన గేదెకు తానే వేసికొనువానికి మాత్రము అది నష్టమే. లెక్క వేయవలసినది ఎకరమునకు ఎన్ని బండ్లని కాదు, ఎకరము వలన ఎన్ని పాలని.

పరిశోధకులు చూపిన మార్గము

మేత ఎంతవరకు అరుగునో తెలిసికొనుటకు పూర్వము పశువును కట్టివేసి, తిన్నదియు విసర్జించినదియు దినదినము తూచవలసి యుండెను. 1963 లో ఇంగ్లాండునందు టిల్లీ, టెర్రీ అను శాస్త్రజ్ఞులు పశువు కడుపులోని రసమును గాజుగొట్టములోనికి తీసి, పొడిచేసిన మేతను అందులో నానబెట్టి అరుగుదలను కొలిచెడి పద్ధతిని ప్రకటించిరి. దానితో ఒక్కొక్క మొక్కను వేరువేరుగా పరీక్షించి, మంచిదానిని విత్తనమునకు ఏరుటకు వీలు కలిగెను. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున గ్లెన్ బర్టన్ గరికజాతి గడ్డినుండి సృష్టించిన కోస్ట్‌క్రాస్-1 అను సంకరము 1967 లో విడుదలయ్యెను. దాని అరుగుదల పాతరకముకంటె సుమారు నూటికి 12 పాళ్లు హెచ్చు. దానిని మేసిన పశువుల దినవారీ బరువు పెరుగుదల సుమారు నూటికి 30 పాళ్లు హెచ్చుగా నుండెను. అరుగుదలలోని స్వల్పభేదము పశువునందు పెద్దభేదమగునని దీనివలన తేలినది.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనవలదు. 2004 నవంబరు మొదలు ఒక సంవత్సరకాలము హైదరాబాదు నగరపు జొన్నచొప్ప వర్తకులను నెలనెల విచారించి, వారమ్ము చొప్పను పరీక్షించిరి. మేలురకపు చొప్ప నూటికి 52 పాళ్లు, నాసిరకపుది 47 పాళ్లు అరుగునట్లు కనబడెను. ఈ 5 పాళ్ల తేడాకు ధరలో నూటికి 25 పాళ్ల హెచ్చు పలికెను. పాలవారు ఏ గాజుగొట్టమును చూచినవారు కారు. వారు చేతితో విరిచి, కంటితో చూచి, పశువు తినుటను గమనించి సారమును కనిపెట్టిరి. కావున జొన్న విత్తనము ఎన్నుకొనునపుడు గింజ దిగుబడితోపాటు చొప్ప మెత్తదనమును, ఆకు నిలుపును గూడ విచారింపుడు.

అయితే మంచి విత్తనమునకు సంవత్సరములు పట్టును, సొమ్ము పట్టును. కోతదినము మన చేతిలోనిది. దానికి సొమ్ము పట్టదు. ఎంత మేలైన రకమైనను ముదిరిన పిమ్మట కోసినచో దాని మేలు పొలములోనే పోవును.

జొన్నయందు జాగ్రత్త

లేతమేత మంచిదని చెప్పినంతమాత్రమున జొన్నను మరీ లేతగా కోయరాదు. లేతజొన్న ఆకులలో నొక విషము దాగియుండును. పశువు నమలినపుడు అది విడివడి రక్తములో చేరి, ప్రాణవాయువును శరీరము వినియోగించుకొననీయదు. దీనినే మనవారు నాము అందురు. నీరులేక గిడసబారిన పైరునందును, కోసిన మోళ్లనుండి వచ్చిన చిన్నపిలకలయందును, యూరియా ఎక్కువగా చల్లిన పైరునందును ఇది హెచ్చుగా నుండును. మేసిన కొద్దిసేపటికే పశువు రొప్పుచు, వణకుచు పడిపోవును. వెంటనే పశువైద్యుని పిలువవలెను. సూదిమందు సకాలమున పడినచో బ్రతుకుట కద్దు. సగము పూతయందు కోసిన జొన్నకు ఈ భయము మిక్కిలి తక్కువ. కావున సారము దృష్ట్యాను, క్షేమము దృష్ట్యాను జొన్నకు సగము పూతయే తగిన దినము.

మన పొలములకు అనువైన యేర్పాటు

1. పిల్లిపెసర, జనుము: వరి కోతకు కొన్ని దినములు ముందుగా, నేలలో పదునుండగనే నిలుచున్న వరిలో చల్లుడు. పిల్లిపెసరను పూతయందు కోయవలెను. జనుమును పూత మొదలిడగనే కోయవలెను. జనుము కాయకట్టినచో కాండము నారయగును, గింజలు పశువులకు హానికరములు. ఎండబెట్టునపుడు ఆకు రాలిపోకుండ చూడుడు. ఉదయమున మంచుతడి యుండగనే మోపులు కట్టినచో ఆకు నిలుచును.

2. సంకర నేపియరు గడ్డి: సజ్జను, నేపియరు గడ్డిని సంకరము చేసి పుట్టించినది. మన దేశమున మొదట 1953 లో కోయంబత్తూరునందు దీనిని సాధించిరి. ఇది గింజ కట్టదు గనుక కణుపుల ముక్కలు నాటవలెను. మొదటికోత 70, 75 దినములకును, పిమ్మట 45 దినములకొక మారును కోయుడు. గేదె యొకటికి దినమునకు 25 కిలోల పచ్చిమేత చొప్పున సంవత్సరమునకు 9 టన్నులు కావలెను. నీరు, ఎరువు బాగుగా నందిన 10 సెంట్ల నేపియరు దీనికి చాలును. కాలువ నీరు నిలిచిన పిమ్మట మంచినీటి బోరు గలచోటనే దీనిని పెట్టుడు. నీరు నిలుచు పల్లమునందు పెట్టవలదు. ఇందలి ఆక్సాలేటు సున్నపుపాలును పట్టివేయును గనుక పిల్లిపెసర, అలసంద వంటి పప్పుజాతి మేతను కలిపి వేయవలెను.

3. విడతలుగా విత్తుట: జొన్నమడిని నాలుగు భాగములుగా చేసి, పదేసి దినముల యెడముతో విత్తుడు. ఒక్కొక్క భాగము వరుసగా పూతకు వచ్చును. ఒక్కమారుగా కూలివారికై పరుగులిడ నవసరముండదు. ఇంటి మనుష్యులతోనే దినదినము సరిపడునంత కోసికొనవచ్చును.

4. వరిగడ్డి: యంత్రము కోసిన గడ్డిని పొలములోనే తగులబెట్టవలదు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరపొరగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ 3 వారములు కప్పియుంచుడు. గడ్డి మెత్తబడి సుళువుగా అరుగును. మాంసకృత్తుల పాలు సుమారు రెండింతలగును. వాడుకకు ముందు కొంతసేపు ఆరబెట్టుడు. ఆరునెలలు నిండని దూడలకు వేయరాదు. యూరియా కలిపిన నీటిని పశువులకు అందనీయరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

జొన్నకు సగము పూత. పిల్లిపెసరకు పూత. జనుమునకు పూత మొదలు. నేపియరునకు 45 దినములు. నాము వచ్చు పిలకలపైకి పశువును తోలరాదు.

ఈ యేడు మీ మేతమడిలో సగము పైన చెప్పిన దినమునను, సగము మీ యలవాటు ప్రకారమును కోయుడు. రెండింటిని వేరువేరుగా, వారమేసి దినములు అదే గేదెకు, అదే తెలగపిండితో వేసి చూడుడు. గాడిలో మిగిలిన పొల్లును తూచుడు, పాలను కొలువుడు. మా మాటకంటె మీ చెంబే మీకు నమ్మదగిన సాక్షి.